ఒకే ఇంట్లో రెండు జిల్లాల కోడ్లు

మా పాకాలను ఎవరూ అంగుళం కూడా కదిలించలేదు. రైల్వే స్టేషను ఉన్నచోటే ఉంది, కాట్పాడి బండి ఎప్పటిలాగే తనకు బుద్ధి పుట్టినప్పుడు వస్తోంది. అయినా జిల్లాలు విడగొట్టినప్పుడు మేమంతా చిత్తూరు జిల్లాలో పడుకుని తిరుపతి జిల్లాలో నిద్రలేచాం. మా నాయన పేపరు చదివి, "ఈ దెబ్బకు బస్సు ఛార్జీలేమన్నా తగ్గుతాయా?" అని అడిగాడు. తగ్గవన్నాను. ఆ పేపరు చింపి చింతపండు పొట్లాలు కట్టుకున్నాడు.

నాకు మాత్రం బతుకే తారుమారైంది. నాది దరఖాస్తుల వ్యాపారం. నాయన చిల్లరంగడి ముందుభాగంలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక జెరాక్సు మిషను పెట్టుకుని కూర్చుంటాను. కొండకు దర్శనం టికెట్లు, అలిపిరి నుంచి నడిచి ఎక్కేవాళ్ళ గదుల బుకింగులు, పిల్లల హాల్ టికెట్లు, పెద్దల పింఛన్లు, ఏదైనా సరే, ఈ దేశంలో ఎక్కడో ఒక గడి ఖాళీగా ఉందంటే దాన్ని నింపడానికి పాకాల జనం నా దగ్గరికే వస్తారు. నేనంటే వాళ్ళకు గౌరవం. నేనంటే నాకు కూడా గౌరవమే. తంటా అంతా అక్కడే వచ్చింది.

కొత్త జిల్లాలు వచ్చాక ఒక్కో వెబ్‌సైటు ఒక్కోసారి నిద్రలేచింది. ఒకరికి మేం తిరుపతి, ఇంకొకరికి ఇప్పటికీ చిత్తూరు. కొన్నింటిలో జిల్లా పేరే ఉండదు, ఒక కోడు ఉంటుంది. పాత జిల్లాకు ఒక అంకె, కొత్త జిల్లాకు ఒక అంకె. కొత్త అంకె వరసలో ఉండదు, పంక్తి సగం అయ్యాక వచ్చిన చుట్టంలాగా అట్టడుగున కూర్చుని ఉంటుంది. ఈ గందరగోళంలో నేనొక సూత్రం పెట్టుకున్నాను. కాగితంలో ఏముంటే అది కొట్టాలి, మనిషిని అడగకూడదు. మనిషి మరిచిపోతాడు, మాట మారుస్తాడు. కాగితం తప్పు చెప్పినా ప్రతిసారీ అదే తప్పు చెబుతుంది. ఈ సూత్రాన్ని పక్కవీధి నెట్ సెంటరువాళ్ళకు కూడా ఉచితంగా బోధించాను.

అట్లాంటి రోజుల్లో రైల్వే గేటు అవతల పరుపులు కుట్టే మామా, అత్తా హజ్ యాత్రకు దరఖాస్తు పెట్టుకోవాలని వచ్చారు. మాకూ వాళ్ళకూ చుట్టరికం లేదు, చిన్నప్పటి నుంచి అట్లా పిలవడం అలవాటు. వాళ్ళు దూదేకులవాళ్ళు, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. నా పెళ్ళికి పరుపు కుట్టింది వాళ్ళే. ఆ పెళ్ళి నిలవలేదు గానీ పరుపు ఇప్పటికీ గట్టిగానే ఉంది.

మామ బతుకంతా ఒకటే కోరిక. అత్తను వెంటబెట్టుకుని మక్కాకు పోవాలి. ఒక్కడే పోవాలనుకుంటే ఎప్పుడో పోయేవాడు. ఆయన పాస్‌పోర్టు జిల్లాలు విడిపోకముందే చేతికొచ్చింది. అత్తకు మాత్రం రాలేదు, ఎందుకంటే అత్త పుట్టినట్టు ఎక్కడా రుజువు లేదు. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా ఆఫీసులు నమ్మలేదు. ఆమె పుట్టిందని ఆఫీసులన్నీ ఒక మాటకు వచ్చేసరికి జిల్లా రెండు ముక్కలైంది. అందుకని మామ పాస్‌పోర్టులో చిత్తూరు జిల్లా అని ఉంది, అత్త పాస్‌పోర్టులో తిరుపతి జిల్లా అని ఉంది.

హజ్ దరఖాస్తులో ఒక కుటుంబం కలిసి పెట్టుకునేదాన్ని కవరు అంటారు. కవరుకు ఒకరు పెద్ద, మిగిలినవాళ్ళు సభ్యులు. లాటరీ తీసేటప్పుడు కవరును మొత్తంగా తీస్తారు. అంటే పోతే అందరూ పోతారు, లేకపోతే అందరూ ఇంట్లో ఉంటారు. మామను పెద్దగా పెట్టి పాత జిల్లా కోడు కొట్టాను. అత్తను సభ్యురాలిగా పెట్టి కొత్త జిల్లా కోడు కొట్టాను. కాగితంలో ఉన్నది ఉన్నట్టు. కంప్యూటరు ఎర్ర అక్షరాల్లో ఒప్పుకోనంది. ఒక కవరులో రెండు జిల్లా కోడ్లు కుదరవట.

"ఏమైంది పాపా?" అన్నాడు మామ.

"ఏం లేదు మామా. మీరిద్దరూ ఉండేది యాడ?"

"గేటు అవతల. నీకు తెల్దా?"

"ఇద్దరూ ఆడనేనా?"

మామ అత్త వైపు చూశాడు. "నలభై ఏండ్లుగా ఆడనే. ఈ పొద్దేమన్నా మార్సినారా?"

హెల్ప్‌లైనుకు ఫోను చేశాను. ఒక పాట వినిపించింది. అది అయిపోయాక మళ్ళీ అదే పాట. ఆఖరి తేదీ దగ్గరపడింది. ఎవరి కోడు మార్చినా పాస్‌పోర్టుతో కలవదు, దరఖాస్తు కొట్టేస్తారని నా భయం. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. తెలివైనవాళ్ళకు ఇట్లాంటివి బాగా తడతాయి. ఇద్దరికీ వేరువేరు కవర్లు పెడితే సరి! మామ కవరు సులభంగా పోయింది. అత్త ఒక్కతే కవరు పెట్టాలంటే ఒక గడి ఉంది, 'మగతోడు లేకుండా ప్రయాణించే మహిళ' అని. ఒంటరి ఆడవాళ్ళను ఒక గుంపుగా చేర్చి పంపే ఏర్పాటు అది. పక్క బెంచీ మీద నలభై ఏండ్ల మొగుడు కూర్చుని వేరుసెనక్కాయలు వలిచి ఆమె చేతిలో పెడుతుండగా, నేను ఆ గడిలో టిక్ కొట్టాను. పచ్చ అక్షరాలు వచ్చాయి.

"ఇద్దరివీ పోయినాయి మామా" అన్నాను. వేరువేరుగా పోయాయని చెప్పలేదు. చెప్పినా అర్థం కాదులే అనుకున్నాను. అత్త నా నెత్తిన చెయ్యి పెట్టి, సల్లగుండు అంది.

జాబితా వచ్చింది. మగతోడు లేని ఆడవాళ్ళకు లాటరీ లేకుండానే సీట్లిచ్చేశారు. పాకాల సంతకు కూడా ఒంటరిగా పోని అత్తకు మక్కాకు సీటొచ్చింది. మామది వెయిటింగ్ లిస్టులో ఎక్కడో అడుగున ఉంది. వీధి వీధంతా అత్తను చూడడానికి వచ్చింది. అత్త మాత్రం నా అంగడికి వచ్చి నిలబడింది.

"ఆయన్ది?"

"వెయిటింగత్తా."

"రైల్లో మాదిరి కన్ఫారం అయితాది గదా?"

"అయితాది."

"ఒకేసారి పెట్టినాం గదా పాపా, ఎట్ల ఇడిపోయినాం?"

"కంప్యూటరు చేసిందత్తా" అన్నాను. పక్కనే ఉన్న కాణిపాకం వినాయకుడి ముందుకు తీసుకుపోయి ఆ మాటే ప్రమాణం చేసి చెప్పమని ఉంటే నోరు పెగిలేది కాదు. కానీ అంగట్లో ప్రమాణాలు ఎవరడుగుతారు? కంప్యూటరు అంటే జనం నమ్ముతారు. దేవుడి మీద నెపం వేస్తే ఎందుకని అడుగుతారు గానీ కంప్యూటరు మీద వేస్తే ఎవరూ అడగరు.

ఆ తర్వాత ముగ్గురం ఆఫీసులు తిరిగాం. చిత్తూరు ఆఫీసులో, "మీ ఊరు ఇప్పుడు మాది కాదమ్మా, తిరప్తికి పోండి" అన్నారు. తిరుపతిలో, "పెద్దాయన కోడు చిత్తూరుది, ఆడికే పోండి" అన్నారు. ఒకే ఇంటివాళ్ళని రుజువు కావాలన్నారు ఒకరు. రేషను కార్డు చూపించాం. అది పాతదన్నారు. మామ పరుపుల సూది చురుక్కున గుచ్చుకున్నా నోరెత్తని మనిషి, ఆయన కూడా, "మే, మన నిఖాకు వచ్చినోళ్ళల్లో ఎవరన్నా బతికుండారా?" అని అత్తను అడిగాడు.

మూడోసారి తిరుపతి పోయినప్పుడు ఒక చిన్న వయసు మేడమ్ దొరికింది. ఓపికగా అంతా విని, తన కంప్యూటరు మా వైపు తిప్పింది.

"ఈ గడిలో అడిగేది ఇప్పుడు కాపురం ఉండే జిల్లా. పాస్‌పోర్టులో పాత జిల్లా ఉన్నా పర్వాలేదు. ఈడ రాసే ఉండాది సూడండి. ఇద్దరికీ తిరుపతి కోడే పెట్టి ఒకే కవరు చేసుంటే సరిపోయేది. ఎవరు నింపినారు ఇది?"

గడి కింద చిన్న అక్షరాల్లో నిజంగానే రాసి ఉంది. చిన్న అక్షరాలు చదివి పెట్టినందుకే జనం నాకు డబ్బులిస్తారు. ఆ ఒక్క లైను నేను చదవలేదు. నేను నోరు తెరిచేలోపే మామ అన్నాడు, "మేమే అట్ల పెట్టమన్యాం మేడమ్. ఆ పాప తప్పేం లేదు." నేను తిట్లు పడగలను, అంగడి నడిపేదాన్ని. ఆ మాట మాత్రం పడలేకపోయాను.

జాబితా వచ్చాక కవర్లు కలపడం కుదరదంది మేడమ్. "ఆమెను పోనీండి తాతా. ఎంతోమంది ఆడవాళ్ళు ఒంటరిగా పోతాండారు, భద్రంగా వస్తాండారు" అంది.

తిరుగు బస్సులో అత్త పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. కోడు సంగతి, రెండు కవర్లు, ఆ గడి. అత్త ఆఖరిదాకా వినింది. క్షమిస్తుందని అనుకున్నాను, మంచి మనిషి కదా అని. కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగింది.

"నా మొగుడు పక్కన కూచోనుండంగా నన్ను తోడు లేనిదాన్ని చేసినావా? నీకు లేడని నాకూ లేకుండా చేస్తావా?"

బస్సంతా విన్నది. ముందు సీట్లో ఉన్న మామ, "మే, ఊరుకో" అన్నాడు గానీ వెనక్కి తిరగలేదు. అత్త మాట అన్యాయమైనదే. నా మీద అట్లాంటి మాట పడటం మాత్రం న్యాయమే.

రెండు వారాలపాటు వాళ్ళింట్లో ఒకటే వాదన. నువ్వు పో, ఇద్దరి పేరునా దువా చెయ్యి అంటాడు మామ. నువ్వు లేకుండా పోతే ఆ గుంపులో నన్ను నీ తోడెవరని అడిగితే ఏం చెప్పేది అంటుంది అత్త. ఆఖరికి ఇద్దరూ అంగడికి వచ్చారు. అత్త నా మొహం చూడకుండా, "రద్దు చెయ్" అంది.

రద్దుకు కూడా ఒక గడి ఉంది, కారణం చెప్పాలి. మరణం, తీవ్ర అనారోగ్యం, గర్భం, ఇతరములు. "గర్భమని పెట్టేదా అత్తా?" అన్నాను, ఎట్లాగైనా నవ్వుతుందేమోనని. మామ నవ్వాడు. అత్త నవ్వలేదు.

"ఇతరములు పెట్టు. మొగుడుండాడని రాయి."

నాకొచ్చిన ఇంగ్లీషులో అదే రాశాను. ఏ రుజువూ అడగకుండా వెంటనే ఒప్పుకుంది కంప్యూటరు. ఆ మొత్తం వ్యవహారంలో కాగితం చూడకుండా నేను కొట్టిన మాట అదొక్కటే.

మరుసటి ఏడాది ఇద్దరికీ ఒకే కోడు, ఒకే కవరు. అత్త బెంచీ మీద కూర్చోలేదు. నా కుర్చీ పక్కన నిలబడి, చదువు రాకపోయినా ప్రతి గడినీ వేలు పెట్టి, "ఇదేంది?" అని అడిగి, నేను చెప్పేదాకా కదలనియ్యలేదు. జాబితాలో ఇద్దరూ వెయిటింగ్‌లో వచ్చారు, పక్కపక్క నంబర్లు, ఎంత దూరంలో అంటే ఇక ఆశ పెట్టుకోవాల్సిన పని లేదు. అత్త ఆ రెండు అంకెలనూ చాలాసేపు చూసింది. "పక్కనే ఉండాం గదా" అని, నాతో చాలా రోజుల తర్వాత మామూలుగా మాట్లాడింది. నాయన దగ్గర అరకిలో చక్కెర కట్టించుకుని పోయింది.

ఈ ఏడాది దరఖాస్తులు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం మామ ఒక్కడే వచ్చాడు. అంగడి మెట్లు మూడే. మూడింటికీ మోకాళ్ళు పట్టుకుని మూడుసార్లు ఆగాడు. డాక్టరు నడవొద్దన్నాడట. మక్కాలో ఎంత నడవాలో ఆయనకు తెలుసు, పోయొచ్చినవాళ్ళందరినీ అడిగి పెట్టుకున్నాడు. బెంచీ మీద కూర్చుని సంచిలోంచి ఒక్క పాస్‌పోర్టు తీశాడు, అత్తది.

"పాపా, ఆ యేడు పెట్టినావు సూడు, ఆ గడి. మళ్ళా అదే పెట్టు. ఆమెకు సెప్పద్దు. సీటొచ్చినాక నేను సెప్పుకుంటా."

"మామా, నువ్వుండావు గదా" అన్నాను.

"ఉండాను. ఇంగెన్నాళ్ళుంటానో నీకు తెల్సా, నాకు తెల్సా? నేనుండంగానే పోయి రానీ. వచ్చి నాకు సెప్తాది. నేను పోయినాక పోతే ఎవురికి సెప్పుకుంటాది?"

పాస్‌పోర్టు టేబుల్ మీద పెట్టాడు. నేను దాన్ని ముట్టుకోలేదు.

"కరెంటు లేదు మామా" అన్నాను.

ఆయన తల పైకెత్తి చూశాడు. మా ఇద్దరి మీదా ఫ్యాను తిరుగుతూనే ఉంది. కాసేపు దాన్నే చూసి, "సరే పాపా, వచ్చినప్పుడే పెట్టు" అని, పాస్‌పోర్టు అక్కడే వదిలేసి, మెట్లు దిగాడు.