వంతెన దాటితే కోట

అతను ఫ్రాన్సు చూసొచ్చినట్టు కోతలు కోసేవాడని ఇక్కడ ఈ అరబ్బు ఊరు బుసైతీన్‌లో తెలుగువాళ్ళు అంటారు. శుద్ధ తప్పు. ఆ మాట అతను ఒక్కసారీ అనలేదు. నిజామాబాద్ నుంచి లేబర్ క్యాంపుకు, అక్కడి నుంచి మా పై వాటాలో ఉన్న ఫ్రెంచి ముసలాయనను కనిపెట్టుకుని ఉండటానికి వచ్చాడు, అంతే.

మతి తప్పుతున్న ముసలాయన పొద్దు వాలితే చాలు, ఇంటికి పోతానని తలుపు బాదేవాడు. అప్పుడు ఇతను ఆయన చెయ్యి పట్టుకుని, ఆయనే ఒకప్పుడు, ఇక్కడి పనివాళ్ళ దగ్గర నేర్చిన హిందీలో వర్ణించిన సొంత ఊరిని వరండాలో చూపిస్తూ తిప్పేవాడు: ఏటి మీద రాతి వంతెన, గంట పగిలిన చర్చి, కొండ మీద పాత యుద్ధాల్లో కూలిన కోట.

ఒక సాయంత్రం పులుసు ఇద్దామని పైకి వెళ్తే, ముసలాయన బాల్కనీ పిట్టగోడకు అవతల ఒక కాలు వేసి ఉన్నాడు. కేక వేయబోయాను.

“సప్పుడు జెయ్యకున్రి మేడమ్,” అన్నాడు ఆయన పక్కనే నిలబడ్డ ఇతను. అది కోటగోడ అనీ, ఇంటి దారి చర్చి పక్క నుంచి అనీ ముసలాయనకు హిందీలో తాపీగా చెప్పాడు. ఆయన కాసేపు ఆలోచించి, కాలు ఇవతలికి తీశాడు.

“పట్టుకుని లాగొచ్చుగా!” అని తిట్టాను.

“గుంజితే బెదిరి అటే వడ్తడు మేడమ్. తొవ్వ జెప్తే ఇటొస్తడు.”

నెల తిరక్కుండా కొడుకు వచ్చి ముసలాయన్ని ఆ ఊరికే తీసుకెళ్ళాడు. ఇప్పుడు ఆ నిజం వంతెన మీదే నిలబడి ఇంటికి పోతానంటే, ఆయనకు దారి చెప్పేదెవరు?