తూంకుంట దగ్గర ఆగే కారు

మా మేనత్త పోయింది. సోమవారం పొద్దున జీడిమెట్లలోని తన లేత్ షాపులో, మిషను పక్కన ఎప్పుడూ కూర్చునే ఇనుప స్టూలు మీదే, గోడకు తల ఆనించి పోయింది. నాకు ఫోన్ చేసి చెప్పింది మేడ్చల్‌లో కార్లు బాగుచేసే భాయి. "బేటీ, అమ్మ ఇగ లేదు. చాయ్ తెచ్చి పెట్టిన్రంట, ముట్టనే లేదంట," అన్నాడు.

దినాలకు వచ్చిన చుట్టాలందరూ ఆమె మనసు వెన్న అన్నారు. నోరే కటువు, లోపలంతా ప్రేమే అన్నారు. నాకు ఒళ్లు మండింది. పెళ్లి భోజనాల్లో ఆమె పక్కన కూర్చోవడానికి జంకి ఇంకో బంతికి పోయినవాళ్లే వీళ్లంతా. ఆమె మనసు వెన్న కాదు. ఎవరిని ఎక్కడ గిల్లితే ఎక్కువ నొప్పి పుడుతుందో ఆమెకు తెలుసు, చూసి చూసి అక్కడే గిల్లేది. నేను డిగ్రీ తప్పినప్పుడు పనిగట్టుకుని ఇంటికొచ్చి, "నువ్వు తప్పినందుకు కాదు బిడ్డా, తప్పుతవని నాకు ముందే ఎరుకైనందుకు బాధైతాంది," అని చెప్పి, తెచ్చిన మిఠాయి డబ్బా నా ఒళ్లో పెట్టి వెళ్లింది. అలాంటి మనిషిని మంచిదని రాస్తే లేచి వచ్చి నన్నే తిడుతుంది. అందుకని మీకు ఆమె గుణాలు చెప్పను. ఆమె చేసిన ఒక పని చెబుతాను.

షామీర్‌పేటలో మా ఇంటి ముందు ఒక తెల్ల కారు ఉండేది. టర్బో డీజిల్. భూముల ధరలు లేచిన కొత్తలో మా బాపు కొన్నాడు. కాలు గట్టిగా నొక్కితే ముందు ఒక్క క్షణం ఏమీ జరగదు. ఆ తర్వాత వెనక నుంచి ఎవరో వీపు మీద చరిచినట్టు దూకుతుంది, సన్నగా ఈల వేస్తుంది. ఇంజను వదిలే పొగతోనే ఒక చిన్న చక్రం తిరిగి ఇంజనుకి ఇంకాస్త గాలి ఊదుతుందని, దాన్నే టర్బో అంటారని, వచ్చిన ప్రతివాళ్లకూ బాపు బానెట్ ఎత్తి చూపించేవాడు. పాలవాడికి కూడా చూపించాడు.

దసరా నాడు మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. పూజ చేసిన బండిని ఆ రోజు కదిలించరు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మర్నాడు పొద్దున వాటిని తొక్కిస్తూ బండి బయటికి తీస్తారు. ఎడ్లబండ్ల కాలంలో ఎడ్లకు ఒక్క రోజైనా విశ్రాంతి ఉండాలని మా తాత పెట్టిన నియమమట. ఎడ్లు ఎప్పుడో పోయాయి, నియమం మాత్రం మిగిలింది.

నేను ఇంటర్ చదివేటప్పటి దసరాకి అత్తా, మామా వచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక చాప మీద కూర్చుని నవ్వుతూ మాట్లాడుతున్న మామ ఛాతీ పట్టుకుని పక్కకి ఒరిగిపోయాడు. అత్త ఒక్క ఉదుటున లేచి, "తమ్మీ, కారు తియ్యి," అంది. బాపు తాళం చేతిలోకి తీసుకున్నాడు కూడా. గడప దాటాక, బొట్లు పెట్టిన బానెట్‌నీ చక్రాల కింది నిమ్మకాయల్నీ చూసి ఆగిపోయాడు.

"పూజ జేసిన బండి అక్కా. ఇయ్యాల తీస్తే అరిష్టం. బావకే మంచిది గాదు. ఆటో పిలుస్త," అన్నాడు.

నిజంగా నమ్మే అన్నాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆ పూట మా వీధిలో బండ్లన్నిటికీ పూజలైపోయాయి. పూజ లేనిది ఒక్కటే దొరికింది, నాలుగిళ్ల అవతల ఉండే భాయి ట్రాలీ ఆటో. అప్పట్లో ఆయన కోళ్ల దాణా చేరవేసేవాడు. బస్తాలు కిందికి తోసేసి, ఆ రేకు మీద పరుపు పరిచి మామను పడుకోబెట్టారు. అత్త పక్కన కూర్చుంది. ఆసుపత్రి చేరకముందే, తూంకుంట దగ్గర, మామ పోయాడు. కారులో తీసుకెళ్తే బతికేవాడా అన్నది ఎవరూ చెప్పలేదు. అత్త ఎవరినీ అడగలేదు.

ఆ తర్వాత బాపు ఆ కారు ఎక్కలేదు, అమ్మేయనూ లేదు. ఊరి బయట మూతబడ్డ మా కోళ్ల ఫారంలో పెట్టి తాళం వేశాడు. కొంటామని వచ్చినవాళ్లను తిట్టి పంపాడు. దాని మాట ఎత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. అత్త మాత్రం ఏ దసరా మానలేదు. బాపు ఆమె చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కేవాడు. "సల్లగుండు," అనేది ఆమె. అని, వెంటనే కదిలేది కాదు. బాపు ముఖంలోకి చూస్తూ అలాగే నిలబడేది. ఒక్క మాట కోసం నిలబడేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తప్పయింది అక్కా, అన్న మాట. బాపు తల తిప్పుకుని, "అక్కకు బువ్వ పెట్టుండ్రి," అనేవాడు. మేమంతా హడావుడిగా వంటింట్లోకి పోయేవాళ్లం.

రెండేళ్ల కిందట బాపుకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాట పూర్తిగా పోయింది. అత్త ఆసుపత్రికి వచ్చి డాక్టర్ని ఒక్కటే అడిగింది, "మాట మల్లొస్తదా?" అని. ఆశ పెట్టుకోవద్దన్నాడాయన. అత్త బయట బెంచీ మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తమ్ముడంటే ఎంత పాణమో చూడు, అని మా అమ్మ కూడా కళ్లు తుడుచుకుంది.

బాపు ఇంటికి వచ్చిన కొద్ది రోజులకే అత్త భాయిని వెంటబెట్టుకుని వచ్చి కోళ్ల ఫారం తాళం పగలగొట్టించింది. భాయి ఆటో మానేసి మేడ్చల్‌లో షెడ్డు పెట్టి చాలా కాలమైంది. లోపల కారు అని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పావురాల రెట్ట పైకప్పు రంగుని తినేసింది. ఎలుకలు వైర్లు కొరికి, గాలి వడకట్టే డబ్బాలో పిల్లల్ని పెట్టాయి. డీజిల్ ట్యాంకు అడుగున తారులాంటి మడ్డి. "తుక్కు కింద ఏద్దాం అమ్మా. గిసొంటిదే ఇంకోటి దెస్త," అన్నాడు భాయి.

"ఇంకోటి నాకెందుకు? గిదే లేవాలె," అంది అత్త.

మామ పోయిన మరుసటి నెల నుంచీ ఆ లేత్ షాపుని ఆమే నడిపింది. ఇనుము దగ్గర ఆమెకు భయం లేదు. టర్బో చక్రం తుప్పుతో బిగుసుకుపోతే విప్పి తెచ్చి డీజిల్‌లో నానబెట్టింది. తీరిక దొరికినప్పుడల్లా ఆ స్టూలు మీద కూర్చుని, వేలు పెట్టి ఆడిస్తూ, "తిరుగవే, తిరుగవే సచ్చినదానా," అని తిట్టేది. అది తిరిగిన రోజు నాకు ఫోన్ చేసి ఏమీ చెప్పలేదు. ఫోన్‌ని దాని దగ్గర పెట్టి తిప్పింది. నాకు ఏమీ వినపడలేదు. ఆమె ఊపిరి మాత్రం వినపడింది, పరుగెత్తి వచ్చిన పిల్ల ఊపిరిలా ఉంది.

పాత కారుని పాతదిగానే నిలబెడితే అందమని భాయి అభిప్రాయం. అత్త ఒప్పుకోలేదు. "ఉన్నది ఉన్నట్టు ఉంచుదామనుకునేటోళ్లతోనే నా కొంప మునిగింది," అని ముందు బంపర్ కోయించి, గాలిని చల్లబరిచే జాలీ పెద్దది పెట్టించింది. గాలి డబ్బా తీయించేసి ఫిల్టర్ని బయటికే ఉంచింది. అలా చేస్తే ఈల ఊరంతా వినపడుతుందని భాయి అంటే, "ఇనబడనీ," అంది. ఎడమ వైపు సీటుని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. దాని కింద తిరిగే పీట ఒకటి తన షాపులోనే తయారుచేసింది. తలుపు తీసి సీటుని బయటికి తిప్పితే చక్రాల కుర్చీలోంచి మనిషిని నేరుగా అందులోకి మార్చవచ్చు. మళ్లీ లోపలికి తిప్పితే టక్కుమని పడి బిగుస్తుంది.

ఆ కారు ఈల వేసుకుంటూ మా గుమ్మం ముందు ఆగిన ఆదివారం అమ్మ హారతి పట్టింది. ఇరుగుపొరుగు ఫోన్లలో వీడియోలు తీశారు. బాపు నోరు వంకరపోయి, కళ్ల నుంచి నీళ్లు కారాయి. అక్కంటే ఇట్లుండాలని అందరూ అనుకున్నాం. బాపుని సీట్లోకి మార్చి, లోపలికి తిప్పి, నేను వెనక కూర్చున్నాను. ఊరి మలుపు దాటాక అత్త అద్దంలో నన్ను చూసి, "నువ్వు నడుమ మాట్లాడొద్దు," అంది. తర్వాత పక్కకు తిరిగింది.

"మంచిగ కూసున్నవా తమ్మీ? ఇగ ఇను. నిమ్మకాయ సితుకుతదని నా మొగన్ని సంపినవ్."

అప్పుడు చూశాను ఆ సీటుని. అది సూటిగా ముందుకు బిగుసుకోలేదు. కొద్దిగా డ్రైవరు వైపు తిరిగి బిగుసుకుంది. లేత్ షాపులో అలాంటి కొలత పొరపాటున తప్పదు. బాపు మెడ సరిగా తిప్పలేడు. ఆ సీట్లో కూర్చుంటే ఆమె ముఖం తప్ప ఇంకేమీ చూడలేడు.

ఆమె మేడ్చల్ దాకా తిట్టింది. మేడ్చల్ నుంచి తిరిగి వస్తూ తిట్టింది. ఆ రేకు ఎంత వేడిగా ఉందో చెప్పింది. దాణా వాసన చెప్పింది. మామ నోటి నుంచి వచ్చిన చివరి శబ్దం చేసి చూపించింది. దారి చుట్టైనా తూంకుంట మీదుగానే వచ్చి, అక్కడ రోడ్డు పక్కకు తీసి, ఇంజను ఆపకుండా, "గీడనే. గీడనే నా చెయ్యి ఇడిసిండు," అంది. బాపు కళ్లు మూసుకున్నాడు. "కండ్లు దెరువు. నేను మూసుకున్ననా?" అంది. నేను ఉండబట్టలేకపోయాను.

"ఆపు అత్తమ్మా. బాపు ఏడుస్తాండు."

"ఏడ్వనీ. నేనేడ్సిననాడు ఎవ్వలాపిన్రు? నోరున్నన్నాళ్లు ఒక్క మాట అనలే. ఇగ నోరు లేదు. చెవులున్నయి గదా."

ఇంటికి వచ్చాక కూడా వెంటనే ఇంజను ఆపలేదు. టర్బో బండిని పరుగెత్తించి ఠక్కున ఆపితే ఆ వేడికి చక్రం పాడవుతుంది, కాసేపు ఊరికే తిరగనివ్వాలి. ఆ కాసేపూ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, "ఇది సల్లబడుతది. నేను సల్లబడ," అంది. ఎవరితో అందో తెలియదు.

తర్వాతి ఆదివారం అమ్మ గేటుకి గొళ్లెం పెట్టింది. "దండం పెడుత వదినా, ఆయన పాణం దీయకు," అని లోపల నుంచే బతిమాలింది. అప్పుడు మంచం దగ్గర చప్పుడు మొదలైంది. బాపు ఎడమ చేత్తో మంచం పట్టెని కొడుతున్నాడు. గొళ్లెం తీసేదాకా కొడుతూనే ఉన్నాడు. అమ్మ ఏడుస్తూనే చొక్కా తొడిగింది. నాకేమీ అర్థం కాలేదు. ఆ రోజు నుంచి ఏ ఆదివారం ఆగలేదు.

తిట్లు మాత్రం మారుతూ వచ్చాయి. మామ చావు అయిపోయాక చిన్నప్పటి సంగతులు వచ్చాయి. ఆ తర్వాత తిట్టే గొంతుతోనే తన మోకాలి నొప్పి, షాపులో కరెంటు పోవడం, పాత గిరాకీలు పోవడం చెప్పేది. ఒకసారి తూంకుంట దగ్గర సీతాఫలాలు కొని, గింజలు తీసి, గుజ్జు బాపు నోట్లో పెట్టింది. "నోరు దెరువు. గదొక్కటి శాతనైతది నీకు," అంటూ గడ్డం మీద కారింది తన కొంగుతోనే తుడిచింది. అలాగని క్షమించిందని అనుకోకండి. మళ్లీ కారు కదలగానే, "బావకు సీతాఫలం అంటే పాణం. ఎరుకేనా?" అంది. బాపు నమలడం ఆపేశాడు. అదీ ఆమె.

మా ఇంట్లో ఆ దసరా గురించి ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. పండగకి పిండివంటలు చేసుకున్నాం, ఫొటోలు దిగాం, మామ ఫొటోకి దండ వేశాం. జరిగిందాన్ని జరిగినట్టు పైకి అన్నది ఆమె ఒక్కతే. అందరూ దయగా ఉన్న ఇంట్లో మా బాపుని మనిషిగా లెక్కపెట్టి, నువ్వు చేశావు అని ముఖాన చెప్పింది కూడా ఆమె ఒక్కతే. ఆ క్రూరత్వానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఆమెకు కావలసిన మాట ఆమెకు దొరకలేదు. అది చెప్పగలిగినన్నాళ్లు బాపు చెప్పలేదు. చెప్పాలనుకునే సరికి నోరు లేదు. చెప్పాలనుకున్నాడని నేనెలా చెప్పగలనంటే, దినాలైన మరుసటి ఆదివారం సంగతి కూడా చెప్పాలి.

పొద్దున్నే మంచం పట్టె చప్పుడు వినపడింది. అమ్మా నేనూ ముఖాలు చూసుకున్నాం. వదిన లేదు, ఇంక రాదు, అని అమ్మ ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పింది. తెలుసన్నట్టు తల ఊపాడు. కొట్టడం ఆపలేదు. సరే అని, దినాల నాడు భాయి తెచ్చి మా ఇంటి ముందు పెట్టిన కారు సీట్లోకి మార్చి, లోపలికి తిప్పాను. టక్కుమని బిగిసింది. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. కారు ఈల వేసుకుంటూ వెళ్తోంది, బాపు నన్నే చూస్తున్నాడు. నేను రోడ్డు చూశాను. ఎండ ఎక్కువగా ఉందన్నాను. మధ్యాహ్నం ఏం వండాలన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

తూంకుంట దగ్గర ఎడమ చెయ్యి పైకెత్తాడు. పక్కకు తీసి ఆపాను. ఇంజను తిరుగుతూనే ఉంది. ఆ చెయ్యి రోడ్డు అంచుని చూపించింది, తర్వాత తన గుండెల మీదికి వచ్చింది, అక్కడే రెండుసార్లు కొట్టుకుంది. ఆ తర్వాత దాన్ని నెమ్మదిగా ముందుకు చాచి, నా పెదవులు తాకాడు.

నాకు తెలుసు ఆయనకు ఏం కావాలో, అత్త అనే మాట నా నోట. నోరు తెరిచాను. మా బాపుని అంత మాట అనలేక రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాను. లారీలు పక్క నుంచి దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఆయన చెవి నా వైపు ఒగ్గి, కళ్లు గట్టిగా తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు.