యాడికని అడగనివాళ్ళు

కాలేజీలు తెరిచే నెల వచ్చిందంటే మా ఇంటికి జనం మొదలు. పిల్లను హాస్టల్లో వేస్తున్నాం, మీరు ఇన్నేళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పినారు, దానికి నాలుగు మంచి మాటలు చెప్పండమ్మా అంటారు. ఆ పిల్ల తలొంచుకోని కాలి బొటనవేలితో నేల గీకుతా ఉంటుంది. తల్లి నా మొహంలోకి చూస్తా ఉంటుంది. తండ్రి వాచీ చూసుకుంటా ఉంటాడు. నాకు ఒళ్ళు మండుతుంది. మంచి మాటలకేం కరువు? అరవైల మొదట్లో నేను పి.యు.సి.లో చేరేదానికి నెల్లూరు పోయేనాడు నా రేకుపెట్టె సగం ఖాళీ. బుర్ర మాత్రం ఊరంతా కలిసి కుక్కిన మంచి మాటలతో కిక్కిరిసి ఉండింది. వాటిల్లో ఒక్కటంటే ఒక్కటి అక్కరకు రాలేదు.

మాది సముద్రం ఒడ్డున చేపలు పట్టుకోని బతికే పాలెం. నెల్లూరు పోవాలంటే ఇసకలో నడిచి, పడవలో కాలవ దాటి, అవతలి ఊళ్ళో బస్సెక్కాల. హైస్కూలు దాకా కాలవకు ఇవతలే చదివినా, పై చదువు కోసం ఆ కాలవ దాటిన మొదటి ఆడపిల్లను నేనే. ఇంక చూసుకోండి. ఎవురేం పెట్టినా తినబాక అనింది మా అవ్వ. ఎవురితోనూ మాట్లాడబాక అన్నాడు మేనమామ. బళ్ళో అయ్యవారు, దించిన తల ఎత్తకుండా నడవాలమ్మా అన్నాడు. అట్టా నడిస్తే ఏ ఎద్దులబండి కిందో పడి చస్తాను గదయ్యా అని నోటిదాకా వచ్చింది గానీ మింగేసినాను.

పాలెం పెద్దలు నాతో మాట్లాడలేదు. నాయనతో మాట్లాడినారు. "పంపితే పంపు. నడిమధ్యలో తిరిగొచ్చిందా, ఇంక ఈ పాలెంలో ఏ ఆడపిల్లనీ కాలవ దాటనియ్యం. ఆ పాపం నీదే" అన్నారు. నాయన "సరే" అన్నాడు. మా నాయన జాస్తి మాట్లాడే మనిషి కాదు. ఆ ఒక్క సరేతో ఊళ్ళో ఆడపిల్లల చదువులన్నీ తెచ్చి నా నెత్తిన పెట్టేసినాడని ఆయనకు తెలుసో లేదో. నాకైతే బస్సెక్కేదాకా తెలీలేదు.

ఇంకో సంగతి చెప్పాల. మా ఇళ్ళల్లో బయటికి అడుగేసిన మనిషిని "యాడికి?" అని అడగరు. అడిగితే పోయే పని చెడుతుందని, పోయే మనిషికి కీడని. నీళ్ళమీదికి పోయేవాళ్ళ కొంపల్లో ఆ మాటంటే మరీ భయం. తెలీక ఏ పిలకాయో నోరు జారితే, వాడి నెత్తిన ఒకటి మొట్టి, తెప్ప దాకా పోయినోళ్ళు కూడా వెనక్కొచ్చి, గడపలో కాసేపు కూర్చోని, చెంబుడు నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు. మరీ తెలుసుకోవాలనుంటే "దూరమా?" అంటారు. "ఆఁ" అంటే పోతుండారని అర్థం. అంతకుమించి ఎవురూ గుచ్చరు. నన్ను బస్సెక్కించినప్పుడు కూడా నాయన మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు. బస్సు కదిలినాక గూడా ఆడే నిలబడుండినాడు.

హాస్టల్లో నాకు ఊపిరాడలేదు. పుట్టినప్పట్నుంచి కనుచూపు మేరా అడ్డంలేని చోట తిరిగిన దాన్ని. యాడ చూసినా గోడే. మంచం మీద కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే వరండాలోకి పోవాలనిపించేది, వరండాలోకి పోతే గేటు దాటాలనిపించేది. నా గదిలో ఉండే అమ్మాయిది బుచ్చిరెడ్డిపాళెం వైపు, మాగాణి ఉన్న ఇల్లు. "ఏంది మే నీకీ తిరుగుడు, కాళ్ళకు చక్రాలున్నాయా?" అని నవ్వేది. ఆ అమ్మాయి నాయన వారం వారం వచ్చేవాడు. వచ్చి, తిన్నావా, ఏం కూర, తలకు నూనె పెట్టుకున్నావా, పక్కన కూర్చునేది ఎవురు, ఇంటికెప్పుడొస్తావు అని ప్రశ్నల మీద ప్రశ్నలేసేవాడు. ఆ అమ్మాయి "అబ్బ, నీ యాష్ట నాయనా!" అని విసుక్కునేది. నాకు కడుపు రగిలిపోయేది. మా వాళ్ళకు నేనేమైనా ఒకటేనేమో, అందుకే ఒక్క ప్రశ్నా వెయ్యలేదేమో అనిపించేది.

క్లాసులో ఇంకో నరకం. బళ్ళో అంతా తెలుగులోనే చదివి వచ్చినాం. ఇక్కడ లెక్చరరు లోపలికొచ్చింది మొదలు పోయేదాకా ఇంగ్లీషే. నేను వినబడింది వినబడినట్టు ఇంగ్లీషు మాటల్ని తెలుగక్షరాల్లో రాసుకోని, తర్వాత కూర్చోని అవి ఏం మాటలో వెతుక్కునేదాన్ని. అర్థమైనట్టు తలూపడం మాత్రం అందరికంటే ముందు నేర్చుకున్నాను. ఒక్క ప్రాక్టికల్స్‌లోనే నాకు కాస్త ప్రాణం లేచొచ్చేది. గాజు గొట్టంలో నీళ్ళు నీలంగా మారితే ఏ భాషలోనైనా నీలమే గదా.

ఆదివారం మధ్యాన్నం మమ్మల్ని బయటికి వదిలేవాళ్ళు. వార్డెనమ్మ కృష్ణా జిల్లా మనిషి, మంచిదే గానీ గొంతు పెద్దది. గేటు పక్కన పేము కుర్చీ వేసుకోని కూర్చోని, పోయే ప్రతి పిల్లనీ "ఎక్కడికమ్మాయ్?" అనేది. ఒకతి బజారుకనేది, ఒకతి మా పిన్నమ్మగారింటికనేది. మొదటి ఆదివారం నేను గేటులో కాలు పెట్టినాను. "ఎక్కడికమ్మాయ్?" అనింది. నేనేం ఆలోచించలేదు. కాళ్ళే వెనక్కి తిరిగినాయి. లోపలికి పోయి మెట్టు మీద కూర్చోని, కుండలో నీళ్ళు ముంచుకోని తాగి, మళ్ళీ బయల్దేరినాను. ఆమె మళ్ళీ "ఎక్కడికని అడుగుతుంటే వినపడలా?" అనింది. మళ్ళీ వెనక్కి. మళ్ళీ నీళ్ళు. మూడోసారికి కడుపు కుండైపోయింది. ఇంక లాభం లేదని వంటింటి వైపు తలుపులోంచి జారుకున్నాను.

ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. ఆమె వైపు నుంచి చూడండి మరి! ఎక్కడికి అనంగానే గిరుక్కున వెనక్కి తిరిగే పిల్ల, దొడ్డిదోవన బయటికి పోయే పిల్ల. ఏమనుకోవాల? ఆమె అనుకోవాల్సిందే అనుకునింది. మా ఇళ్ళల్లో ఆ మాట అడగరమ్మా అని ఒక్క ముక్క చెప్తే తీరిపోయేది. చెప్పలేదు. అప్పటికే నా 'యాడ', నా 'పిలకాయలు' విని వేరే జిల్లాల పిల్లలు గదుల్లో నవ్వుకుంటా ఉండినారు. ఇది కూడా చెప్పి ఇంకో వేడుక కావడమెందుకని గమ్మునుండినాను. అదొక్కటే అయితే ఎప్పుడో నోరు విప్పేదాన్నే. నేను పోయే చోటు కూడా చెప్పుకునేది కాదు.

ఆదివారం ఆదివారం నేను బస్టాండుకి పోయేదాన్ని. మా వైపు బస్సొచ్చే చోట నిలబడేదాన్ని. దాని పైన చేపల గంపలుండేవి, ఆ నీళ్ళు కిటికీల మీదికి కారతా ఉండేవి. నెల్లూరోళ్ళు ముక్కు మూసుకోని దూరంగా జరిగేవాళ్ళు, నేను దగ్గరికి జరిగేదాన్ని. గంపలామెలు దిగతా దిగతా కండక్టర్ని తిట్టే తిట్లు వింటే ప్రాణం కుదుటపడేది. ఖాళీ అయినాక అదే బస్సు వెనక్కి పోతుంది. ఎక్కి కూర్చుంటే పొద్దుగూకేలోపల ఇంట్లో ఉంటాను. ఎక్కాలని కాళ్ళు అటే లాగేవి. పాలెం పెద్దలు, వాళ్ళకు నాయన చెప్పిన సరే గుర్తొచ్చేవి. బస్సు పోయేదాకా నిలబడి, హాస్టలుకు నడిచొచ్చేదాన్ని.

ఎవురో చూసినారు. పట్నంలో వయసులో ఉన్న పిల్ల బస్టాండులో ఒంటరిగా నిలబడితే ఊరుకుంటారా? ఎవుడి కోసమో ఎదురుచూస్తుందన్నారు. వార్డెనమ్మ నన్ను పిలిచి నిలదీసింది. నేను నోరు మెదపలేదు. ఆమె నాయనకు కబురు పెట్టింది.

నాయన వేట మానుకోని వచ్చినాడు. వార్డెనమ్మ ముందు కుర్చీ ఉన్నా కూర్చోలేదు. నేను గోడకానుకోని నిలబడుండాను.

"మీ అమ్మాయి ప్రతి ఆదివారం ఎక్కడికి వెళ్తుందో మీకు తెలుసా?" అనింది ఆమె.

"తెలీదమ్మగారూ."

"అడగలేదా?"

"అడగమమ్మా."

"కన్నతండ్రివి, అడగకపోవడమేమిటయ్యా! ఆడపిల్లను ఊరుగాని ఊళ్ళో వదిలి, ఎక్కడికి పోతుందో అడగవా?"

"మా ఇళ్ళల్లో అడగరమ్మా. పోయే మనిషిని ఆ మాట అడిగితే..." అని నాయన ఆగిపోయినాడు. ఆ తర్వాతి మాట ఆయన నోటికి రాదు. రానియ్యడు.

ఆమెకు సగమే అర్థమైంది, ఓపిక మాత్రం పూర్తిగా పోయింది. "ఇక్కడ ముప్పై ఇళ్ళ ఆడపిల్లలున్నారు నా చేతికింద. వాళ్ళ వాళ్ళకు నేను జవాబు చెప్పుకోవాలి. అమ్మాయి ఎక్కడికి వెళ్తుందో ఇప్పుడు చెప్తే సరి. లేదంటే పెట్టె సర్దించి తీసుకుపోండి" అనింది.

పెట్టె సర్దుకోని ఇంటికి! నేను రోజూ కోరుకున్నది అదే గదా. అప్పుడు మాత్రం వద్దనిపించింది. ఇట్టా చెడ్డపేరుతో నన్ను వెంటబెట్టుకోని నాయన కాలవ దాటడం కళ్ళకు కట్టింది. ఇంక మా వెనక ఏ పిల్లా దాటదు.

నాయన నా వైపు తిరిగినాడు. పెదాలు తడుపుకున్నాడు.

"యాడికి పోతుండావు పాపా?" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగినాక ఆ మాట మా నాయన నోట నేను వినలేదు. ఆయన గొంతు కూడా ఆయనది కాదు. నాకేదో కీడు చేస్తుండానని భయం ఆ కళ్ళల్లో కనబడతానే ఉంది, అయినా అడిగినాడు. గుడికి అని అబద్ధం చెప్పి బైటపడేద్దామని అంతదాకా అనుకుంటా ఉండినాను. ఆ అబద్ధంతో వార్డెనమ్మ కోపమూ తగ్గేది, నాయన మనసూ నొచ్చేది కాదు. కానీ అంత భయపడతా అడిగిన మనిషికి అబద్ధమెట్టా చెప్పేది?

"బస్టాండుకి" అన్నాను.

"ఎవరి కోసం?" అనింది వార్డెనమ్మ.

"మా వైపు బస్సు కోసం."

"ఎక్కడానికా?"

"చూసేదానికి."

అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. నాకిక్కడ ఏమీ అర్థం కావడం లేదని, గోడలు మీదికొస్తున్నాయని, ఇంటికొచ్చేయాలని ఉందని, వస్తే నీ తల తీసేసినట్టవుతుందని, ఎక్కిళ్ళ మధ్య ఏవేవో చెప్పినాను. నాయన అంతా విన్నాడు. నేను ముక్కు చీదుకున్నాక మెల్లగా అడిగినాడు.

"మరి ఎక్కలేదేం?"

"సోమవారం ప్రాక్టికల్స్ ఉండాయి" అన్నాను.

అది నోట్లోంచి ఎట్టా ఊడిపడిందో నాకే తెలీదు. పెద్దలకు భయపడి ఎక్కలేదనే అప్పటిదాకా నేననుకుంటా ఉండినాను. వార్డెనమ్మ పైట చెంగు నోటికడ్డం పెట్టుకోని నవ్వింది. "ఈ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా!" అని, తర్వాత ఎటో చూస్తా కళ్ళు తుడుచుకునింది. పెట్టె సంగతి మళ్ళీ ఎత్తలేదు.

అందుకే మా ఇంటికొచ్చే తల్లిదండ్రుల మీద నాకు విసుగు. చెప్పేది ఆపి అడగండయ్యా అంటాను. పిల్ల విసుక్కుంటుంది, విసుక్కోనీండి. అడిగినాక మాత్రం నోరు మూసుకోని జవాబు వినండి. ఇది చెప్తే వాళ్ళకు ఏదో చాలనట్టు మొహాలు పెడతారు. మంచి మాటలంటే ఇంకా పెద్దవి ఉంటాయనుకుంటారు కాబోలు.

ఆ రోజు నాయనను సాగనంపేదానికి వార్డెనమ్మ నన్ను పంపింది. ఆయన ముందు, నేను వెనక. బస్టాండు దగ్గరకొచ్చినాక నిలబడి, "రావాలనిపిస్తే ఎక్కి రా. ఎవుర్నీ అడగబాక. పెద్దోళ్ళకు నేను చెప్పుకుంటా" అన్నాడు. పాలెంలో ఆ మాట ఆయన చెప్పుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. తలూపినాను. ఈసారి అర్థమయ్యే ఊపినాను.

నాయన బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి పక్క సీటు మీద పరిచినాడు. నేను కిందే నిలబడుండాను. జనం ఎక్కినారు, బస్సు నిండిపోయింది, గంపలు పట్టుకోని ఆడోళ్ళు, వాళ్ళల్లో ఒక ముసలామె, నడుమ దారిలో నిలబడినారు. "ఎవురిదయ్యా ఈ సీటు?" అని కండక్టరు కేకేసినాడు. నాయన కిటికీలోంచి నన్నే చూస్తా ఉండినాడు. డ్రైవరు ఇంజను స్టార్టు చేసినాడు. కండక్టరు మళ్ళీ అరిచినాడు. నేను నిలబడిన చోటు నుంచి కదల్లేదు.

నాయన తుండుగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు.

"ఎవురిదీ గాదు, ఆ ముసలామెను కూర్చోమను" అన్నాడు.