దూరం నుంచి తీసిన ఫొటో

"మేడం, గిది కెమెరానా, పౌడర్ డబ్బానా?"

కరీంనగర్‌లో మా ఫొటోగ్రఫీ క్లబ్బులో చేరిన మొదటి ఆదివారమే ఈ మాట పడింది. అన్నది క్లబ్బులో అందరూ 'సార్' అని పిలిచే పెద్దమనిషి. కాంట్రాక్టులు చేసి బాగా సంపాదించి, యాభై దాటాక ఫొటోల మీద పడ్డ మనిషి. ఆయన లెన్స్ మోచేయంత పొడుగు. దాన్ని మోయడానికి ఒక స్టాండు, ఆ స్టాండుకు ఒక సంచి. నాది అరచేతిలో ఇమిడే మిర్రర్‌లెస్ కెమెరా. దానికి బిగించిన ప్రైమ్ లెన్స్ ఇంకా చిన్నది, బిస్కెట్టంత మందం. మానేరు డ్యాం కట్ట మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం.

నా లెన్స్‌కు జూమ్ ఉండదు. మనిషి ఫొటోలో పెద్దగా కనబడాలంటే మనమే లేచి ఆ మనిషి దగ్గరికి పోవాలి. దగ్గరికి పోయాక ఊరికే నిలబడలేం కదా, ఏదో ఒకటి మాట్లాడాలి. "తియ్యనా అక్కా?" అనాలి. వద్దంటే కెమెరా దించాలి. అట్లా వద్దన్నవాళ్లు చాలామందే ఉన్నారు. వద్దనకుండా ఎప్పుడూ తీయనిచ్చింది మా చిన్నమ్మ.

చిన్నమ్మ అంటే మా అవ్వకు, అంటే అమ్మకు, చెల్లెలు. ధర్మపురి దారిలో ఒక ఊళ్లో ఉంటుంది, బీడీలు చేస్తుంది. నేను పోయినప్పుడల్లా చేట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉండేది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఆమె వేళ్లకు దగ్గరగా కెమెరా పెడితే, "అవుతలికి జరుగు బిడ్డా, వెలుగు రానిస్తలేవు" అని కసిరేది. కసిరిన ముఖం కూడా తీసేదాన్ని. చూపిస్తే పడీపడీ నవ్వేది.

చిన్నాయన మస్కట్‌లో చనిపోయాడు. పనిచేసే చోట గుండె ఆగిందన్నారు. పెట్టె వచ్చేసరికి రోజులు గడిచిపోయాయి. మూత తీయొద్దని పెద్దలు అడ్డుపడ్డారు. చిన్నమ్మ ఆ పెట్టె మీద చేతులు వేసి కూర్చుంది తప్ప ఆయన ముఖం చూడలేదు.

పదోనాడు ధర్మపురి గోదావరి ఒడ్డుకు పోయాం. గాజులు తీసే తంతు నాకు ఇష్టం లేదు. బస్సు దిగగానే అవ్వతో గొడవపడ్డాను. చిన్నమ్మే నా చేయి పట్టుకుని, "కానియ్యి బిడ్డా. లేకుంటే ఊళ్లె నన్ను బతుకనియ్యరు" అంది. నేను ఆమె వెంట నీళ్లలోకి దిగాను. నీళ్లలో ఆమెను నిలబెట్టి, చుట్టూ ఆడవాళ్లం చీరలు అడ్డం పట్టాం. ఎవరి కంటా పడొద్దని. ఒక చేత్తో చీర కొంగు, ఇంకో చేత్తో ఆమె భుజం పట్టుకుని నేను పక్కనే నిలబడ్డాను. గాజులు చిట్లినప్పుడు ఆమె భుజం నా చేతి కింద ఎగిరెగిరి పడింది. ఆ ఏడుపు రాసేది కాదు. నా కెమెరా సంచిలోనే ఉంది. దాని సంగతి నాకు గుర్తు కూడా లేదు.

కొన్ని నెలల తర్వాత మా క్లబ్బు కరీంనగర్‌లో ఒక హాలు కిరాయికి తీసుకుని ఫొటోల ఎగ్జిబిషన్ పెట్టింది. బజారులో కూరగాయలమ్మే ఒకామెను నేను తీసిన ఫొటో కూడా ఒక మూలన పెట్టారు. లోపలికి పోగానే ఎదురు గోడకు కిటికీ అంత ఫొటో. మొదటి బహుమతి అని ఎర్ర రిబ్బను. కింద 'సంప్రదాయం' అని పేరు. నీళ్లలో ఒక ఆడమనిషి, తడిచిన చీర, తెరిచిన నోరు, మణికట్టు దగ్గర పగులుతున్న గాజులు. ఆమె భుజం మీద ఎవరిదో చెయ్యి, మణికట్టు దాకే. ఆ చేతికున్న వాచీ నాది.

ముందు నా చేతినే గుర్తుపట్టాను. తర్వాతే చిన్నమ్మను. మేము పట్టిన చీరల పైనుంచి, ఎక్కడో మెట్ల మీద కూర్చుని ఆ మోచేయంత లెన్స్ లోపలికి తొంగిచూసింది.

సార్ అక్కడే ఉన్నాడు. చుట్టూ జనం చేతులు కలుపుతున్నారు. నేను పోయి, "ఈమె మా చిన్నమ్మ" అన్నాను.

"ఎరుకే మేడం," అన్నాడు నవ్వుతూ. "మీరు గూడ ఉంటిరి గద, చూసిన. మీ చెయ్యి కట్ చేద్దమనుకున్న గని, ఫ్రేముల మంచిగ కుదిరింది."

"చూసి కూడా తీసిండ్రా? మేం చీరలు అడ్డం పట్టింది ఎందుకనుకున్నరు?"

"పబ్లిక్ ప్లేస్ మేడం అది. నేను దగ్గరికొచ్చి డిస్టర్బ్ చెయ్యలే గద. గంత దూరంల ఉన్న. గామెకు ఎరుకనే లేదు."

ఎరుక లేకపోవడమే తన మంచితనం అన్నట్టు చెప్పాడు. ఆమె దుఃఖంలోకి చెప్పులతో నడిచొచ్చి, అడుగుల చప్పుడు కాలేదు కదా అంటున్నాడు. ఫొటో దించమన్నాను. క్లబ్బు సెక్రటరీ వచ్చి, "ఇయ్యాల ముఖ్య అతిథి వస్తుండు, జర ఆగుండ్రి, రేపు చూద్దాం" అన్నాడు. నేను ఆగలేదు. కుర్చీ లాక్కుని ఎక్కి, ఫ్రేము దించి, గోడవైపు తిప్పి పెట్టాను. మూలనున్న నా ఫొటో కూడా తీసుకుని బయటికొచ్చేశాను. ఒక్కరంటే ఒక్కరు నాతో రాలేదు. "గింతదానికి గంత కోపమా" అన్న మాట మాత్రం వెనకనుంచి వినబడింది.

తెల్లారి చిన్నమ్మ ఫోన్ చేసింది. ఊళ్లో ఎవరి ఫోనులోకో ఆ ఫొటో వచ్చిందట. ఆమెకు తీసుకొచ్చి మరీ చూపించారట. నేను ఏదో చెప్పబోతే, "నేను బస్సెక్కిన. నువ్వు బస్టాండుకు రా" అని పెట్టేసింది.

బస్టాండు నుంచి ఇద్దరం హాలుకు పోయేసరికి ఫొటో మళ్లీ గోడకు వేలాడుతోంది, రిబ్బనుతో సహా. చిన్నమ్మ దాని ముందు నిలబడింది. అంత పెద్దగా తనను తాను ఎన్నడూ చూసుకోలేదు. సెక్రటరీకి సంగతి అర్థమై సార్‌ను పిలుచుకొచ్చాడు. సార్ దండం పెట్టాడు. "అమ్మా, మీ ఫొటోకు ఫస్ట్ ప్రైజొచ్చింది. మీకు సన్మానం చేస్తం" అని, స్టేజీ మీదున్న శాలువా తెప్పించాడు. కప్పబోతూ, ఫొటో తీయమని పక్కవాడికి సైగ చేశాడు.

చిన్నమ్మ ఆ శాలువాను ఆయన చేతిలోంచే గుంజుకుంది.

"అయ్యా, నా మొగడు పెట్టెల వచ్చిండు. ముఖం సూడనియ్యలే. ఇంట్ల ఏడిస్తే పిల్లలు పరేషానైతరని గోదాట్ల ఏడ్చిన. గా ఒక్క ఏడుపు గూడ నాకు లేకుండ చేస్తివి గదయ్యా!"

"అట్ల గాదమ్మా, గది కళ..."

"నీ ఇంటామె ఏడుస్తుంటె తీసి గోడకు పెట్టుకో. కళనో కాదో అప్పుడు చెప్పు."

శాలువాను విప్పి ఆ ఫొటో మీద కప్పింది. అంచులు ఫ్రేము వెనక్కి దోపింది. దోపి, దానికి వీపు ఆనించి నిలబడింది. ఎంత బతిమాలినా కదల్లేదు. స్కూలు పిల్లలు వచ్చారు, టీచర్లు వచ్చారు, ఏమైందని అందరూ అడుగుతున్నారు. చిన్నమ్మ చెప్పింది. అడిగిన ప్రతి ఒక్కరికీ మొదటినుంచీ చెప్పింది. చివరికి సెక్రటరీ తట్టుకోలేక మనుషులను పిలిచి ఫొటో దింపించాడు. సార్ అప్పటికే కారెక్కి పోయాడు.

గెలిచామని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. గోడ మీదినుంచి దిగింది, అంతే. ఫోన్లలో అది తిరుగుతూనే ఉంది. క్షమించమని ఆయన నోటివెంట ఒక్క మాట రాలేదు. పైగా క్లబ్బు గ్రూపులో నన్ను కళ తెలియని మనిషి అన్నారట. నేను క్లబ్బులోంచే బయటికొచ్చేశాను.

ఆ తర్వాత చిన్నమ్మ ఇంటికి పోయినప్పుడు, అలవాటుగా సంచి జిప్పు తీశాను. ఆ చప్పుడుకే ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "ఒద్దు బిడ్డా. నువ్వని కాదు. ఎవలూ ఒద్దు." బీడీ ఆకు కత్తిరిస్తూ తల ఎత్తలేదు. నా ముందు ఇన్నేళ్లు దాచుకోని ముఖం అది. ఆయన తీసుకుపోయింది ఒక్క ఫొటో కాదని అప్పుడు తెలిసింది. నేను జిప్పు మూసేసి, ఆమె పక్కన కూర్చుని ఆకులు తడిపి ఇచ్చాను. ఇప్పటికీ ఆమెను తీయలేదు, అడగనూ లేదు.

మొన్న ఒక కుటుంబం వాళ్ల పాపకు బాసరలో అక్షరాభ్యాసం చేయిస్తూ ఫొటోలకు నన్ను పిలిచింది. పని అయ్యాక గోదావరి ఒడ్డుకు పోయాను. మెట్ల మీద స్టాండు వేసుకుని సార్. కింద నీళ్లలో స్నానాలు చేస్తున్న ఆడవాళ్ల వైపు లెన్స్ తిరిగి ఉంది. నన్ను చూసి గుర్తుపట్టనట్టు తల తిప్పుకున్నాడు.

నేను పోయి సరిగ్గా ఆ లెన్స్ ముందు నిలబడ్డాను.

"జర పక్కకు జరుగుండ్రి మేడం."

జరగలేదు. ఆయన స్టాండును ఎడమకు తిప్పాడు. నేనూ ఎడమకు జరిగాను. రెండు మెట్లు పైకెక్కాడు, నేనూ ఎక్కాను. ఎండ మాడుస్తోంది. చుట్టుపక్కలవాళ్లు చూడటం మొదలుపెట్టారు.

"ఏందిది? నా ఫ్రేమంత ఖరాబైతుంది!" అని అరిచాడు.

"కానియ్," అన్నాను.

కింద స్నానం చేస్తున్న ఒక ముసలామె ఆ అరుపుకు మా వైపు చూసింది. పక్కనున్న ఆడవాళ్లకు ఏదో చెప్పింది. వాళ్లంతా ఒక్కసారిగా మెట్ల వైపు తిరిగారు. అప్పుడు ఆయన స్టాండు మడిచాడు.