లేజర్ అద్దానికి బొట్టు

1987. విజయదశమి మర్నాడు. పులికాట్ సరస్సుకు ఇవతల, జనం తిరగని బీడులో మా ప్రయోగశాల వాళ్లు వేసిన రేకుల షెడ్డు. పైలట్ లేకుండా రేడియోతో ఎగిరే చిన్న విమానాన్ని, అంటే డ్రోన్‌ని, లేజర్‌తో కూల్చడం మా పని. మా లేజర్ కంటికి కనబడని వేడి కిరణం. దాన్ని విమానం మీదికి తిప్పేది బంగారు పూత వేసిన ఒక అద్దం. ఆ అద్దం బాధ్యత నాది.

ఆ ఉదయం ఢిల్లీ నుంచి కమిటీ వచ్చింది. అంతకుముందు పరీక్షల్లో కిరణం తగిలినా బలం చాలక విమానం పడలేదు; ఈసారి బలం పెంచాం. ఈసారీ పడకపోతే షెడ్డు మూసేసి, మమ్మల్ని తలో ఊరికీ పంపేస్తారని మా సార్ ముందే చెప్పేశారు. అన్నేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

అద్దం మీది మూత తీశాను. నట్టనడుమ పసుపు, దాని మీద కుంకుమ! ముందురోజు ఆయుధపూజలో జెనరేటర్ నడిపే మునిరత్నం పెట్టిన బొట్టు అది. ఆయనది తిరుచానూరు, నాకంటే పెద్దవాడు.

"ఎవరు పెట్టమన్నారన్నా నిన్ను?" అని గట్టిగా అరిచాను.

"స్పానర్లకు కూడా పెట్టి, అసలు ఆయుధానికి పెట్టకుంటే ఎట్లబ్బా?" అన్నాడు. నా మొహం చూసి భుజం మీది తువ్వాలు తీశాడు. "ఉండు, తుడిచేస్తా."

"సెయ్యి పెట్టినావంటే సూడు! పూత లేచిపోతాది!"

మరక ఉంటే అక్కడ వేడి పట్టి అద్దం పగులుతుంది. తుడిస్తే గీతలు పడతాయి. మారు అద్దం లేదు. మిగిలిన దారి కొలోడియన్. గాయాల మీద పూసే జిగురు మందు అది. ఆరాక పల్చటి పొరలా లేస్తూ మురికిని పట్టుకొస్తుంది. పచ్చిగా లాగితే మాత్రం పూత కూడా ఊడొస్తుంది. పైపొడిని గాలితో ఎగరగొట్టి కొలోడియన్ పోశాను.

సార్ పరుగున వచ్చారు. "ఇంకా ఎంతసేపయ్యా? వాళ్లు లేచి పోయేటట్టు ఉండారు!"

"ఆరేదాకా సార్."

ఆయన పళ్లు కొరికారు. నేను కదల్లేదు. పొర ఎర్రగా లేచొచ్చింది. మళ్లీ పోసి, మళ్లీ ఆగాను. రెండో పొరతో అద్దం తళతళలాడింది.

డ్రోన్ బీడు మీదికి రాగానే కిరణం వదిలాం. రెక్కలో సన్నగా పొగ. అమ్మయ్యా! రెక్క మండి, విరిగి, విమానం గిరగిరా తిరుగుతూ నేల కూలింది. కమిటీ వాళ్లు కుర్చీలు వదిలి నిలబడి చప్పట్లు కొట్టారు. సార్ నన్ను వాటేసుకున్నారు. పట్టరాని సంతోషంతో ఏడ్చేశాను.

"సూసినావా, నా బొట్టు మహిమ!" అన్నాడు మునిరత్నం.

"నీ బొట్టు పోయింది కాబట్టి పడిందన్నా!" అన్నాను. షెడ్డంతా నవ్వులు.

ఉద్యోగంలో ఎన్నో యంత్రాలు బిగించాను, విప్పాను. గొప్ప పని ఏది చేశావని ఎవరైనా అడిగితే మాత్రం ఒకటే చెబుతాను: అందరూ తొందరపెడుతుంటే, ఆ పొర ఆరేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాను.