జాన్ సైదా కట్టిన తీర్థయాత్ర ఇంజను

తెనాలిలో ఎన్నో ఏళ్ళుగా కార్ల ఇంజన్లు విప్పి కడుతున్న జాన్ సైదాకి తీరని కోరిక ఒక్కటే ఉండేది. ఒక్క ఇంజన్నైనా వేగం కోసం కట్టాలి. అతని చేతుల మీదుగా పోయినవి పెళ్ళి ఊరేగింపుల్లో నత్తనడక నడిచే అంబాసిడర్లు, పురిటికి మనుషుల్ని మోసే అద్దె కార్లు, డాక్టర్ల ఫియట్లు. అన్నీ నిదానం కోసం కట్టినవే. మెత్తగా నడవాలి, పెట్రోలు పొదుపుగా తాగాలి, మళ్ళీ షెడ్డు మొహం చూడకూడదు. కట్టి కట్టి అతనికి తన పనితనం మీద తనకే ఆవులింతలు వచ్చేవి.

2004లో అమృతలూరు కృష్ణకాంత్ వచ్చి, నాన్న పాత ఫియట్‌ని చెన్నై ట్రాకు మీద పాతకార్ల పందెంలో పరిగెత్తించాలి, ఇంజను కట్టిపెడతావా అన్నా అని అడిగాడు. సైదా చేతులు తుడుచుకునే గుడ్డ తీసుకుని, తుడిచిన చేతినే మళ్ళీ తుడుస్తూ నిలబడిపోయాడు. ఎగిరి గంతెయ్యాలనే ఉంది. కానీ కారు వెంకట్రామయ్యగారిది. రేసు మాట చెవిన పడితే పెద్దాయన తాళంచెవి మొలలో దోపుకుని కూర్చుంటారు. ఇక సైదా కోరికకి ఈ జన్మలో అంతే సంగతులు.

కృష్ణకాంత్ దానికీ మందు ఆలోచించే వచ్చాడు. బాపట్ల భావనారాయణస్వామి మొదలుకొని నాన్న చూడాలనుకుంటున్న గుళ్ళన్నీ తిప్పడానికే ఇంజను బాగుచేయిస్తున్నామని చెబుదామన్నాడు. తీర్థయాత్ర పేరు చెప్పి లోకంలో జరిగినన్ని దొంగపనులు దొంగలు కూడా చేసి ఉండరు. కాశీకని బయల్దేరి, గోదావరి దాటకుండానే పేకముక్కల ముందు కూలబడి, తిరుగు దారిలో కాలవ నీళ్ళు చెంబులో పట్టుకొచ్చి ఊరంతటికీ గంగ పంచిపెట్టిన పుణ్యాత్ములున్నారు. వాళ్ళ ముందు ఇదెంత? సైదా ఒప్పుకున్నాడు.

సామాన్లు ఎంచడం పెళ్ళిసంబంధాలు చూడటం లాంటిదే. పిల్ల బంగారం, పిల్లాడు బంగారం, కాపరం మాత్రం కుదరదు. పిస్టన్లు కోయంబత్తూరు నుంచి తెప్పించారు. పోతపోసినవి కావు, సమ్మెట కింద సాగి గట్టిపడ్డవి, నెత్తి ఎత్తుగా ఉన్నవి. ఆ నెత్తి పెట్రోలుని మామూలు కన్నా గట్టిగా నొక్కుతుంది, ఆ దెబ్బ తట్టుకోడానికి కింద పిస్టన్లని మోసే కనెక్టింగ్ రాడ్లూ అంతే గట్టిగా ఉండాలి. చెన్నై పాతసామాన్ల బజారులో రాడ్లని ఒక్కొక్కటే దారానికి వేలాడగట్టి, చిన్న సుత్తితో తట్టి, గంటలా మోగినవే ఏరుకున్నాడు. గొంతు బొంగురుపోయిందంటే లోపలెక్కడో బీట ఉన్నట్టు. బిందె కొనేటప్పుడు ఈ తట్టుడంతా ఏమైపోయిందని అతని భార్య ఫాతిమా దెప్పింది, పోయినేడు తెచ్చినది కారుతోందట. ఆ తర్వాత వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ షాఫ్టు వచ్చింది, రెండు నోళ్ళ కార్బురేటరు వచ్చింది. పక్క షెడ్డు ఇస్సాకు తన లేతు మీద ఫ్లైవీలు చక్రాన్ని చెక్కి బరువు తగ్గించాడు. చివరికి సైదా రేడియేటరు ఫ్యాను కూడా పీకేశాడు. ట్రాకు మీద ఎదురుగాలే చల్లబరుస్తుంది, ఫ్యాను తిప్పడానికి ఖర్చయ్యే బలం చక్రాలకి మిగులుతుంది.

డెబ్భై దాటిన వెంకట్రామయ్యగారు ఒకప్పుడు సొంత రైసుమిల్లు నడిపిన మనిషి. అప్పుడప్పుడూ షెడ్డుకొచ్చి స్టూలు మీద కూర్చుని ఒక్కో సామానే చేత్తో పట్టుకుని అడిగేవారు. పిస్టను నెత్తి ఇంత ఎత్తేంటంటే, కొండగుళ్ళు ఎక్కాలి కదండీ అన్నాడు సైదా. కార్బురేటరుకి రెండు నోళ్ళేంటంటే, దారిలో ఒకటి మూసుకుపోతే రెండోది ఆదుకుంటుందన్నాడు. ఫ్యానేదంటే, దాని రొదకి మీకు కునుకు పట్టదని తీసేశానన్నాడు.

"ఎంత శ్రద్ధరా నీకు," అనేవారు పెద్దాయన.

ఇంజను తయారైంది. బండిని చెన్నై చేర్చడానికి లారీ కూడా మాట్లాడుకున్నారు. ఈలోగా ఓ పొద్దున వెంకట్రామయ్యగారు ఇస్త్రీ పంచె కట్టుకుని షెడ్డు ముందు రిక్షా దిగి, యాత్రకి కట్టిన బండి గదా, పద బాపట్ల పోదామన్నారు. వెనకే ఉన్న కృష్ణకాంత్‌కి సరిగ్గా అప్పుడే తన ఇనప కొట్టులో కొంపలు మునిగే పని గుర్తొచ్చింది. తండ్రి వీపు చాటు నుంచి సైదాకి ఓ దణ్ణం పెట్టి జారుకున్నాడు.

ముందు రేపల్లెలో బావమరిదిని పలకరించాలన్నారు పెద్దాయన. వేగం ముప్పై దాటితే తనకి కళ్ళు తిరుగుతాయన్నారు. పరుగు కోసం పుట్టిన ఇంజను ఆ నడకలో దగ్గింది, తుమ్మింది, వెనక గొట్టంలోంచి టపాకాయలు పేల్చింది. జంపని దగ్గర కల్లంలో ధాన్యం తూర్పారపడుతున్నవాళ్ళు చేటలు దించి చూశారు. వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు పాకినప్పుడల్లా సైదా ఏదో ఒక సాకుతో బండి నిలిపి ఇంజను ఆపేసేవాడు. వేమూరులో టీ అన్నాడు. భట్టిప్రోలులో నమాజన్నాడు.

"ఇంకా వేళ కాలేదు గదరా."

"ముందెళ్తే ముందు వరసలో చోటు దొరుకుద్దండి."

రేపల్లెలో బావమరిది పెట్టిన సపోటాలు తిని బయల్దేరాక, చెరుకుపల్లిలో కడుపునొప్పన్నాడు. బాపట్ల చేరేసరికి సాకులన్నీ అయిపోయాయి.

గుడి ముందు దిగి వెంకట్రామయ్యగారు అసలు సంగతి చెప్పారు. తనకో మొక్కుంది. బండి గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు చెయ్యాలి, మధ్యలో ఇంజను ఆగకూడదు, తను ముందు నడుస్తుంటే బండి వెనక రావాలి. చెప్పి, చేతికర్ర ఆనించుకుంటూ నడక మొదలుపెట్టారు. రెండడుగులకోసారి ఆగి, ఎదురైనవాళ్ళని పేరుపేరునా పలకరిస్తున్నారు. వెనక రేసు ఇంజను బుసలు కొడుతూ పాకుతోంది. మొదటి చుట్టు అయ్యేసరికి ముల్లు గీత మీదుంది. రెండో చుట్టు సగంలో గీత దాటింది. బానెట్టు సందుల్లోంచి ఆవిరి లేచింది. సైదా ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

పెద్దాయన వెనక్కి తిరిగారు. "ఆపావేం? మొక్కు చెడగొట్టావు గదరా."

సైదా దిగొచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఇది యాత్రల ఇంజను కాదు బాబాయిగారూ. చెన్నైలో పందేనికి కట్టింది. ఇంకో చుట్టు ఇట్టా నడిపితే పిస్టన్లు పట్టేస్తయ్యి. పందెం వద్దంటే మానేస్తానండి. దీన్ని మాత్రం చంపమనకండి."

వెంకట్రామయ్యగారు బానెట్టు మీద చెయ్యి వెయ్యబోయి సెగ తగిలి తీసేసుకున్నారు.

"ఫ్యాను పీకిన రోజే తెలుసు. మిల్లు ఇంజను నేనేం జోలపాడి నడిపాననుకున్నావా? ఎందాకా బొంకుతావో చూద్దామని రేపల్లె మీదుగా తిప్పా. కడుపునొప్పి దగ్గరే కక్కేస్తావనుకున్నా. గట్టోడివే."

"మరి మొక్కండీ?"

"మొక్కేంటి, పొద్దున నీళ్ళు పోసుకుంటూ అల్లుకున్నా. నువ్వొక్కడివేనా అబద్ధాలాడేది?"

ఇంజను చల్లారేదాకా ఇద్దరూ ఓ అరుగు మీద కూర్చున్నారు. బండి ఎంత వేగం పోతుందని పెద్దాయన అడిగారు. సైదా చెప్పాడు. నిజమేనా అని అడిగారు. ఇవాళ్టికి ఇంక అబద్ధాలు లేవండి అన్నాడు సైదా. పెద్దాయన పైపంచెతో మొహం తుడుచుకుని తీర్పు చెప్పారు.

"చెన్నై పంపు. నాకు తెలుసని మావాడికి మాత్రం చెప్పమాక. వాడింకా ఎన్ని కథలు చెబుతాడో వినాలి."

తిరుగు దారిలో పెద్దాయనకి కళ్ళు తిరగలేదు. పొన్నూరు రోడ్డు ఖాళీగా కనపడ్డ చోట, ముప్పై ఏంట్రా ఎడ్లబండిలా అని కూడా అన్నారు.

ఆయన్ని ఇంటి దగ్గర దింపి సైదా షెడ్డుకొచ్చేసరికి కృష్ణకాంత్ గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. నాన్నకి అనుమానమేమైనా వచ్చిందా అని అడిగాడు.

"లేదు బాబూ. బండి మహా నిదానంగా ఉందని మెచ్చుకున్నారు."

కృష్ణకాంత్ ఊపిరి పీల్చుకుని, చెన్నై ప్రయాణానికి తను సిద్ధం చేసుకున్న కథ విప్పాడు. స్నేహితుడి గృహప్రవేశం, సామాన్లు మొయ్యడానికి కారు కావాలి. ఎట్లా ఉందన్నా?

"దివ్యంగా ఉంది బాబూ," అన్నాడు సైదా, మొహంలో ఒక్క కండరం కూడా కదలకుండా. "ఆ స్నేహితుడి ఇంటిపేరేంటో, ఏ ఊరోళ్ళో, ఎంతమంది పిల్లలో కూడా అనుకోండి. పెద్దాయన అడుగుతారు."

కృష్ణకాంత్ స్టూలు లాక్కుని కూర్చుని, లేని స్నేహితుడికి పిల్లల్ని కనిపెట్టడం మొదలుపెట్టాడు.