కొండగాలి అలవాటు

మా తమ్ముడు లడఖ్ కొండల్లో రోడ్లు వేసే చోట టిప్పర్ నడిపేవాడు. వెళ్లిన కొత్తలో నాలుగు మెట్లెక్కితే ఆయాసమట, తలనొప్పట. కొన్ని వారాలకు కుదుటపడ్డాడు. "ఈడ గాలి పల్చగుంటది గద అక్కా, ఊపిరి జల్దీ జల్దీ తీస్తం. రక్తం గూడ చిక్కగైతదంట," అని ఫోన్‌లో గొప్పలు పోయాడు. మన అనంతగిరిని గుట్ట అనడానికి కూడా ఇక ఒప్పుకునేవాడు కాదు.

బషీరాబాద్ దగ్గర మాది గొర్లు కాసే ఇల్లు. గొర్రె నలతగా ఉంటే అవ్వ, అంటే మా అమ్మ, దాని కింది కనురెప్ప లాగి చూస్తుంది. తెల్లగా పాలిపోతే రక్తం లేనట్టు, ఎర్రగా ఉంటే మందతో తోలొచ్చు. మమ్మల్నీ అట్లాగే చూసేది. మేం మనుషులం అని చెప్పినా వినేది కాదు.

కిందటేడు తమ్ముడు సెలవు మీద వచ్చాడు. వెళ్లే రోజు దగ్గర పడితే అవ్వ, "ఇంకొన్ని దినాలుండు కొడుకా," అని బతిమాలింది. ఉన్నాడు. నెల దాటింది. బయల్దేరే పొద్దున వాడి రెప్ప లాగి చూసి, "ఎర్రగున్నది, ఫికర్ లేదు, పో," అంది. తాండూరులో నేనే రైలెక్కించాను.

అక్కడికి చేరగానే కొన్ని రోజులు పని ముట్టకుండా ఉండమన్నారట. "నాకు అలవాటే," అని మర్నాడే బండెక్కాడు. దగ్గొస్తే జలుబే అనుకున్నాడు. కిందికి దించేలోపే పోయాడు.

వికారాబాద్‌లో నేనుండే ఇంటి పక్క డాక్టర్ నాకు విడమరిచి చెప్పాడు. కిందికి వచ్చి కొన్నాళ్లుంటే ఒళ్లు కొండ అలవాటు వదిలేస్తుందట. ఊపిరి నెమ్మదిస్తుంది, పెరిగిన రక్తం తగ్గుతుంది. మళ్లీ పైకి పోతే అంతా మొదటినుంచే. పాతవాడినన్న ధీమాతో తొందరపడితే ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరతాయట. ఇదంతా కనురెప్పలో కనిపించదు. వింటుంటే ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది, ఎవరి మీదో నాకే తెలియదు.

దినాలయ్యాక అవ్వ అడిగింది. "వాడు నీళ్లల్ల వడలే గద. ఊపిరితిత్తులల్ల నీళ్లు యాడికెల్లొచ్చినయి బిడ్డా?"

డాక్టర్ చెప్పింది చెబుతూ, ఇంటి దగ్గర ఉండి అలవాటు పోయిందన్న మాట దగ్గర ఆగిపోయాను. అవ్వ ఊరుకోలేదు.

"నేను ఆపకుంటే బతుకుతుండెనా?"

"లేదవ్వా," అన్నాను. "ఎట్లున్నా పోతుండె."

అవ్వ నమ్మింది. గొంగడి అంచు సవరించుకుంది.

"గట్లయితే ఇంకొన్ని దినాలు ఉంచుకుంటుంటి," అంది.